లోపల నీలం, బయట ఎరుపు

నవంబరు 18, మంగళవారం

చేతనైతలేదు ఇయ్యాల. పొద్దుగాల మొదటి క్లాసు నుంచి సాయంత్రం స్టడీ అవర్ దాక నిలబడే ఉన్న. కాళ్లు మొద్దుల తీరు అయినయి. ఇంటికి రాంగనే ఈయన దుకాణం నుంచి ఫోన్ చేసి, "పెండ్లి బేరాలు నడుస్తానయి తిరుమలా, లేటైతది, నువ్వు తిని పండుకో" అన్నడు. తినబుద్ధి కాలేదు. రెండు బిస్కట్లు చాయ్‌ల ముంచుకొని తిన్న. పెండ్లిళ్ల సీజనంటే బట్టల దుకాణపోళ్లకు పండుగ. ఇంట్ల ఉన్నోళ్లకు గోడలతోని ముచ్చట.

వచ్చేటప్పుడు సుబేదారిల మా గల్లీ మూలమీది దీపం చుట్టూ గుండ్రంగ రంగులు కనిపించినయి. ఆగి చూసిన. లోపలి వైపు నీలం, బయటి అంచుకు ఎరుపు. పుస్తకంల బొమ్మ గీసినట్టున్నది. చలికాలం కదా, సన్నటి నీటి బిందువులు గాలిల ఉంటయి, వెలుగు వాటి అంచుల కాడ వంగి పరుచుకుంటది. ఎరుపుది పొడుగు అల, ఎక్కువ వంగుతది, అందుకే బయట ఉంటది. ఇరవై ఏండ్ల సంది ఈ పాఠం చెప్తాన. కండ్ల నిండ చూసింది మాత్రం ఇయ్యాల్నే.

ఇంత అలసటల ఆ ఒక్కటి మంచిగనిపించింది.

నవంబరు 21, శుక్రవారం

వేవ్ ఆప్టిక్స్ మొదలుపెట్టిన. సెకండియర్ పిల్లలు, సగం మందివి నిద్రమొఖాలు. వాళ్లను మాత్రం ఏమంటం, హాస్టల్ల చీకటితోనే లేపుతరు.

"గోడ అవతల నిలబడి మీ అమ్మ పిలుస్తే వినిపిస్తది. అమ్మ మాత్రం కనిపించదు. ఎందుకు?" అని అడిగిన.

వినయ్ లేచిండు. తక్కువ మాట్లాడుతడు ఈ పిల్లగాడు, మాట్లాడితే సూటిగ మాట్లాడుతడు. "సౌండ్ వంగుతది మేడమ్. లైటు వంగదు."

"లైటు కూడ వంగుతది. దాని అల చానా చిన్నది, వెంట్రుక మందంల నూరో వంతు. గోడ అంచు కాడ అది వంగిన వంపు మనకు ఆనదు. సందును సన్నగ, ఇంకా సన్నగ చేసుకుంట పో. అప్పుడు బయటపడుతది. ఎంత ఇరుకు చేస్తే అంత పరుచుకుంటది."

"మరి అల అంటే దేంట్ల అల మేడమ్? సౌండ్ అయితే గాలిల. లైటు ఏం లేని కాడ కూడ వస్తది కదా."

మంచి ప్రశ్న. జవాబు చెప్పే ఓపిక లేకుండె. తర్వాత చెప్తా అన్న. దానికి బదులు నీడల చుక్క ముచ్చట చెప్పిన. రెండు వందల ఏండ్ల కింద ఒకాయన వెలుగు అలనే అని లెక్కలు కట్టి చూపిస్తే, ఒప్పుకోని పెద్దమనిషి ఎక్కిరించిండు. నీ లెక్క నిజమైతే గుండ్రటి బిళ్ల నీడకు నట్టనడుమ వెలుగు చుక్క ఉండాలె, ఎక్కడన్న ఉంటదా అని. చీకటి గదిల బిళ్ల పెట్టి చూసిన్రు. నడుమ చుక్క ఉన్నది! ఎక్కిరింపే సాక్ష్యమైంది. పిల్లల నిద్ర వదిలింది.

అప్పటికే ప్రిన్సిపాల్ రాజేశ్వర్ రావు సార్ తలుపు కాడున్నడు. "మేడమ్, డిఫ్రాక్షన్‌ల వచ్చేది రెండు మార్కులది. ఫార్ములా చెప్పి ముందుకు పోండి. కథలకు టైమ్ లేదు."

ఆయనకు మీదికెళ్లి చెప్తరు, ఆయన నాకు చెప్తడు. నేను ఎవలికి చెప్పాలె?

నవంబరు 25, మంగళవారం

మా వంటింటి బల్బుకు కూడ వలయాలు కనిపించినయి. కుక్కర్ ఆవిరి.

నవంబరు 26

తలనొప్పి. కుడి దిక్కు.

డిసెంబరు 1, సోమవారం

స్టడీ అవర్ ఒడిసినంక సెక్షన్‌ను గేటు కాడికి తీసుకపోయిన. పుస్తకంల బొమ్మ కాదు, కండ్లతోని చూపిస్త అని. పొద్దుగూకింది, గేటు దీపం వేసిన్రు. నాకు ఎంత మంచిగ కనిపిస్తానయో, ఒకదాని మీద ఒకటి రెండు చక్రాలు.

"ఏం కనిపిస్తాంది?"

"లైటు మేడమ్."

"లైటు చుట్టూ?"

"పురుగులు మేడమ్."

ఒకటే నవ్వులు. "సరిగ చూడుండ్రి, రంగులున్నయి, లోపల నీలం, బయట ఎరుపు" అన్న. ముందటి ఆడపిల్లలు ఇద్దరు "ఆ ఆ, కనిపిస్తానయి మేడమ్" అన్నరు. వాళ్లు దీపం దిక్కు చూస్తలేరు. నా దిక్కు చూస్తాన్రు.

వినయ్ మాత్రం "నాకు కనిపిస్తలేవు మేడమ్. మంచు కూడ లేదు ఇయ్యాల" అన్నడు.

"చూసుడు రాదు నీకు. పో, బస్సు పోతది" అన్న. జర గట్టిగనే అన్న.

మంచు లేదన్న మాట నిజమే. చుక్కలు కూడ కనిపిస్తుండె.

డిసెంబరు 2, మంగళవారం

ఒక ఉపాయం ఉన్నది. ఆ వలయాలు బయట మంచుల ఉన్నయా, చూసేటోళ్ల కంట్లనే ఉన్నయా తెలుసుకునేందుకు. చెయ్యి చాపి బొటనవేలుతోని దీపం ఒక్కటే కనపడకుండ దాచాలె. మంచువైతే, దీపం దాగినా చుట్టు రంగులు నిలుస్తయి. కంటివైతే దీపంతో పాటే పోతయి.

దాబా మీదికి పోయి చూసిన.

చలి బాగున్నది. కిందికి వచ్చిన. రేపటికి టెస్టు పేపరు తయారు చెయ్యాలె.

డిసెంబరు 5, శుక్రవారం

పండుకొని లేస్తే నొప్పి పోతాంది, రంగులు కూడ పోతానయి. రోగమైతే పండుకుంటే పోతదా? నిద్ర తక్కువైంది, గంతే. పరీక్షలు ఒడిసినంక అద్దాలు మార్చుకుంటే సరిపోతది.

అక్క ఫోన్ చేసింది. రాజక్క మా పెద్దది. పరకాల దిక్కు ఊర్లె ఉంటది, బావ పోయినంక రెండెకరాల పత్తి ఒక్కతే చూసుకుంటాంది. "ఏరుడు మొదలైంది చెల్లె, కూలోళ్లు దొర్కుతలేరు, నడుములు పోతానయ్" అన్నది. నీ కండ్లు ఎట్లున్నయి అని అడుగుదామనుకున్న. మమ్ముల కన్న అవ్వకు ఆఖరికి రెండు కండ్లూ పోయినయి. ముసలితనం అనుకున్నరు అందరు. ఏమో, ముసలితనమే కావొచ్చు.

అడగలేదు. కూరగాయల ధరల ముచ్చట మాట్లాడుకున్నం.

డిసెంబరు 10, బుధవారం

ఈయన చాయ్ తాక్కుంట నా దిక్కు చూసి, "కన్ను ఎర్రగున్నదేంది?" అన్నడు.

"పేపర్లు దిద్దిన."

"ఒక్క కన్నుతోనే దిద్దినవా? రేపు దుకాణం భాస్కర్‌కు అప్పజెప్పి వస్త, దవాఖానకు పోదాం." భాస్కర్ దుకాణంల గుమాస్తా.

"హాఫ్ ఇయర్లీ ఒడువనీయండి."

"పరీక్షలు వాళ్లకా, నీకా?"

బ్యాగు తీసుకున్న. పీరియడ్‌కు టైమైతాంది.

డిసెంబరు 20, శనివారం

పెద్ద పెద్ద అక్షరాలు రాస్తాన. గీత మీద నిలుస్తలేవు. అయినా రాస్త, చేతికి పని లేకపోతే పిచ్చి లేస్తాంది.

పన్నెండో తారీఖు సాయంత్రం క్లాసుల ఉండంగనే కుడి కన్ను లోపల సుత్తెతో కొట్టినట్టయింది. బోర్డు మీద నేను రాసిందే నాకు పొగల మునిగినట్టు కనిపించింది. స్టాఫ్ రూముకు వచ్చి వాంతి చేసుకున్న. మా గల్లీ క్లినిక్‌ల చూపిస్తే గ్యాస్, దానితోనే తలనొప్పి అని సూది ఇచ్చి పంపిన్రు. వాంతి గురించి చెప్పిన గని కన్ను గురించి నేను కూడ చెప్పలేదు. కర్టెన్లు మూసుకొని చీకట్ల పండుకున్న. తెల్లారి కూడ గట్లనే. చీకట్ల కంటి పాప ఇంకా పెద్దగయితదని, ఆ రోగానికి చీకటి పాలు పోసినట్టేనని తర్వాత తెలిసింది.

ఆదివారం స్రవంతి వచ్చింది. మా కాలేజీల జువాలజీ చెప్తది, నాకంటే చిన్నది, నోరు పెద్దది. రాంగనే కర్టెన్ తీసి, ఫోన్ లైటు కంట్ల కొట్టి చూసింది. "అక్కా, ఎడమ పాప చిన్నగైతాంది. కుడిది అయితలేదు, గట్లనే తెరుచుకొని ఉన్నది. లే. నైటీ మీదనే నడువు." ఈయనకు ఫోన్ చేసి గట్టిగ మాట్లాడింది. ఆయన షట్టర్ సగం దించి ఉరికొచ్చిండు.

కండ్ల దవాఖానల డాక్టరమ్మ కంటి ప్రెషర్ చూసి వెంటనే సెలైన్ పెట్టుమన్నది, కంట్ల చుక్కలు వేసుకుంట అడిగింది. "లైట్ల చుట్టూ రంగులు కనిపించినయా?"

"కనిపించినయి. డిఫ్రాక్షన్."

"ఏం చేస్తరు మీరు?"

"ఫిజిక్స్ చెప్తా."

"డిఫ్రాక్షనే. మీరు తప్పేం చెప్పలేదు. నీటి బిందువులు కూడ నిజమే. కాని అవి గాలిల లేవు మేడమ్. మీ కంటి మీది పొరల ఉన్నయి."

తర్వాత నిదానంగ చెప్పింది. కొందరికి కన్ను పుట్టుకతోనే చిన్నగ ఉంటదట. లోపలి నీరు బయటికి పోయే దారి ఇరుకు. మసక వెలుతుర్ల పాప పెద్దగైతే ఆ దారి మూసుకుంటది. నీరు ఆగి ఒత్తిడి పెరుగుతది, పై పొర ఉబ్బి చెమ్మ పడుతది. నిద్రల పాప చిన్నగైతది కాబట్టి పొద్దుగాలకు అంతా మంచిగనిపిస్తది. దారి మూసుకొని అట్లనే ఉండిపోతే వెనుక నరం చచ్చిపోతది.

ఎడమ కన్నుకు లేజర్‌తోని చిన్న రంధ్రం చేసిన్రు, నీరు పోయెటందుకు. అది నిలిచింది. కుడి కన్నుల చెయ్యి ఊపితే ఊపినట్టు తెలుస్తది. వేళ్లు లెక్కపెట్టలేను. ఇగ అంతే అన్నది డాక్టరమ్మ. కొద్ది రోజుల ముందు వస్తే అని మొదలుపెట్టి, నా మొఖం చూసి ఆపేసింది.

ఆ రోజు దాబా మీద వేలు అడ్డం పెడితే రంగులన్నీ దీపంతోనే పోయినయి. తీసి మళ్ల పెట్టిన. మళ్ల పోయినయి. ఆ సంగతి ఇక్కడ కూడ రాసుకోలేదు నేను.

డిసెంబరు 22, సోమవారం

చాయ్ కప్పుల పోయబోతే బల్ల మీద పోసిన. ఈయన గుడ్డతోని తుడిచి, ఏం జరగనట్టు ఇంకో కప్పు పోసిండు.

డిసెంబరు 24, బుధవారం

డాక్టరమ్మ ఇంకొకటి చెప్పింది. ఇది ఇంట్ల ఒకలికి ఉంటే తోడబుట్టినోళ్లకు కూడ ఉండొచ్చు, అక్కచెల్లెండ్లుంటే తీసుకరాండి అని. అక్కకు ఫోన్ చేసిన. "పత్తి ఒడువనియ్యి చెల్లె" అన్నది.

డిసెంబరు 26

మళ్ల చేసిన. "చెప్పిన గద, పత్తి ఒడువనియ్యి."

డిసెంబరు 29, సోమవారం

కాలేజీకి పోయిన. మానేస్తవేమో అన్నడు ఈయన. మానేసి ఏం చెయ్యాలె, గోడలు లెక్కపెట్టాల్నా?

రాజేశ్వర్ రావు సార్ ఎప్పటిలాగ సిలబస్ అడుగుతడనుకున్న. క్లాసుల కుర్చీ వేయించి ఉన్నది. "కూసోని చెప్పండి మేడమ్. బోర్డు మీద పిల్లలతోని రాయించుండ్రి" అని, నా దిక్కు చూడకుండనే పోయిండు.

పిల్లలకు ఏం చెప్పాల్నో బస్సుల అంతా తయారు చేసుకున్న. నిలబడినంక అదంతా పోయింది. "ఆ రోజు గేటు కాడ మీకు రంగులు కనిపించలేదు. అక్కడ లేవు. నా కంట్ల ఉండె" అన్న. జరిగిందంతా చెప్పిన. "మీ ఇంట్ల ఎవలన్న దీపాల చుట్టూ రంగులు కనిపిస్తానయి అంటే అమావాస్య, పున్నమ చూడకుండ తెల్లారే దవాఖానకు తీసుకపోండి. ఇది మార్కులకు రాదు. రాసుకోండి."

రాసుకున్నరు. ఆ ఇద్దరు ఆడపిల్లలు తల దించుకున్నరు. వినయ్ బయటికి పోయేటప్పుడు ఆగి, "సారీ మేడమ్" అన్నడు.

"నువ్వెందుకురా సారీ?"

"గట్టిగ చెప్పకపోతిని."

నాకు ఏడుపొచ్చింది. ఏడ్వొద్దన్నది డాక్టరమ్మ. ఆపుకున్న.

జనవరి 4, ఆదివారం

అక్క ఇంటి నుంచి రాస్తాన. బస్సుల ఒక్కదాన్నే వచ్చిన. దిగేటప్పుడు మెట్టు ఎంత కిందికున్నదో తెల్వక జారిన. ఎవలో ముసలాయన రెక్క పట్టి ఆపిండు.

అక్క చేన్ల ఉన్నది. గట్టు మీద నిలబడి పిలిస్తే ఒడినిండ పత్తితోని వచ్చింది. కుడి కన్ను చూసింది, ముట్టుకున్నది, అవ్వను తలుచుకొని ఏడ్చింది. కండ్లు తుడుచుకొని మళ్ల ఏరుడు మొదలుపెట్టింది.

"నాతోని రేపు హన్మకొండకు రా అక్కా."

"నా కండ్లకేం పుట్టింది? అగో, ఆ దూరం కరెంటు స్తంభం మీద కాకి కూసున్నది. కనవడ్తాందా నీకు?"

"కనవడ్తలేదక్కా."

నవ్వబోయి ఆగిపోయింది. ఏమనుకోకు అన్నట్టు నా భుజం మీద చెయ్యేసింది. దూరం మంచిగ కనవడుడే ఈ చిన్న కండ్లోళ్ల గుణం, డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట అక్కకు ఎట్ల చెప్పాలె?

"పొద్దుగూకినంక దీపం చుట్టూ రంగులేమన్న కనవడ్తయా నీకు?"

"కనవడ్తయ్" అన్నది, కాయ నుంచి చెయ్యి తియ్యకుండనే. "బతుకమ్మ పేర్చినట్టు, సుట్టూరంగ. అందరికి కనవడ్తయ్ గద?"

కాయ మీది ఆమె చెయ్యి పట్టుకున్న.

"అవ్వ గూడ అంటుండె. దీపాలకు పూలు పూసినయ్ బిడ్డా అని. నువ్వు అప్పటికే హాస్టల్ల ఉంటివి."

"అందరికి కనవడయి అక్కా. నాకు కూడ గట్లనే ఉండె. రేపే పోదాం."

"వానమబ్బున్నది. తడిస్తే పత్తి నల్లవడ్తది. నాలుగొద్దులు ఆగు."

ఆగు అనేది నాకు తెలిసిన మాటనే. అక్కను తిట్టేందుకు నాకు మొఖం లేదు. కొంగు నడుముకు చుట్టుకొని పక్క సాలుల దిగిన. ఇద్దరం ఏరితే జల్ది ఒడుస్తది, అప్పుడన్న వస్తవా అన్న. చిన్నప్పుడు ఏరిన చేతులే కదా అనుకున్న.

పగిలిన కాయ కండ్ల ముందరనే తెల్లగ కనిపిస్తాంది. చెయ్యి పెడితే గాలి తగులుతాంది. ఇంకొంచెం ముందుకు పెడితే ముళ్ల డొప్ప గుచ్చుకున్నది. ఒక్క కంటికి దూరం తెల్వదు. మళ్ల పెట్టిన. మళ్ల గాలి. మూడోసారి కొమ్మ పట్టుకొని, దాని వెంబడి వేళ్లు జరుపుకుంట పోయి పత్తి తీసిన. వేలు కొసకు రక్తం వచ్చింది, పత్తికి అంటింది.

తలెత్తి చూస్తే అక్క ఏరుడు ఆపి నా చేతి దిక్కే చూస్తాంది. ఎంతసేపటి సంది చూస్తాందో.

ఒడి విప్పింది. పత్తి అంతా కుప్ప మీద పోసింది. "పా" అన్నది. "పొద్దుగాల్ల మొదటి బస్సుకు పోదాం."

"మరి పత్తి?"

"తడిస్తే తడువనియ్యి."

జనవరి 5, సోమవారం

అక్కకు రెండు కండ్లల్లనూ దారి ఇరుకే. ఎడమ దాంట్ల ఒత్తిడి మొదలైంది. నరం మాత్రం మంచిగున్నది, ఏం పోలేదు, సమయానికి తీసుకొచ్చిన్రు అన్నది డాక్టరమ్మ. ఆ మాట ఇంకోసారి చెప్పుమన్న. చెప్పింది.

లేజర్ ఇయ్యాల్నే చేసిన్రు. లోపలికి పోయేటప్పుడు నా చెయ్యి వదిలిపెట్టలేదు. బయటికి వచ్చినంక మొదలుపెట్టింది. "కంట్ల తూటు పొడిచి మంచిగైంది పో అంటాన్రు. ఇదేం దవాఖాననే? మంచి కుండకు ఎవలన్న బొక్క పెడ్తరా?"

"నీరు పోయేందుకు అక్కా."

"ఏం నీరో. నువ్వు పిల్లలకు చెప్పేది ఇదేనా?"

"ఇది కాదు. వెలుగు సన్నటి సందుల నుంచి పోతే ఎట్ల పరుచుకుంటదో అది చెప్తా."

"అది తెలుసుకుంటే ఏమొస్తది?"

"రెండు మార్కులు."

నవ్వింది. నాకు కూడ నవ్వొచ్చింది. దవాఖాన వరండాల కూసోని ఇద్దరం నవ్వినం. మందుల చీటీ పట్టుకున్న నర్సు మా దిక్కు వింతగ చూసింది.

మబ్బు ఇంకా కురవలేదు. బావ తమ్ముడు రాయమల్లు ఫోన్ చేసి, కుప్ప మీద టార్పాలిన్ కప్పిన అన్నడు.

బయటికి వస్తే రోడ్డు మీద ఆటోలు, బస్సులు, ఒకదాని ఎనుక ఒకటి. ఈయన వచ్చేదాక ఆగుదామా అన్న. దుకాణపోన్ని ఎందుకు సతాయిస్తవ్, నడువు అన్నది. చుక్కల మందుకు ఆమె కండ్లు మసకగున్నయి. నాకు ఉన్నదే ఒకటి. అంచు మీద నిలబడినం. రెండుసార్లు కాలు ముందుకు పెట్టి ఎనుకకు తీసుకున్న.

"ఎటు దిక్కు కనవడదు నీకు?" అని అడిగింది.

"కుడి దిక్కు."

నా ఎడమ పక్క ఉన్నది, తిరిగొచ్చి కుడి పక్క నిలబడ్డది. నా చెయ్యి తన చంకల బిగించి పట్టుకున్నది. పత్తి ఏరిన వేళ్లు, గరుకుగున్నయి.

"ఇటు నేను సూస్త. అటు నువ్వు సూడు."

నడిరోడ్డు మీద ఒక ఆటో అతను బ్రేకేసి, కండ్లు కనవడ్తలేవా అని తిట్టిండు. అక్క ఆగి, వాని ఏడు తరాలను తిట్టింది. వాడు హారన్ మీద చెయ్యి తీసిండు.

దాటినం.